అంతరిక్ష టెలిస్కోప్ పేలోడ్‌కి గ్రౌండ్ సామగ్రి: ఏది కొనాలి, ఏది కట్టుకోవాలి, ఏది అద్దెకు తీసుకోవాలి

చిన్న టెలిస్కోప్ పేలోడ్‌కి, అంటే ఉపగ్రహం మోసుకెళ్లే పరికరానికి, బడ్జెట్ వేసేటప్పుడు అద్దాలు, డిటెక్టర్, ఎలక్ట్రానిక్స్ వరుసగా రాసి, అట్టడుగున జీఎస్ఈ అని ఒక లైను వేస్తారు. మిగిలిన డబ్బు ఎంతుంటే అంత అక్కడికి వెళుతుంది. జీఎస్ఈ అంటే గ్రౌండ్ సపోర్ట్ ఎక్విప్‌మెంట్, భూమి మీద పరీక్షకు, రవాణాకు వాడే సామగ్రి. అది రాకెట్ ఎక్కదు కాబట్టి దాని మీద మమకారం తక్కువ. కానీ పేలోడ్ బాగుందో లేదో చెప్పేది ఆ సామగ్రే. కరెంటు ఇచ్చి డేటా తీసుకునే ర్యాక్, కృత్రిమ నక్షత్రాన్ని చూపించే కొలిమేటర్, శూన్యంలో పెట్టి చల్లబరిచే ఛాంబర్, ఎత్తే స్లింగ్, తిప్పే ట్రాలీ, మోసుకెళ్లే పెట్టె, అన్నీ ఇందులోకే వస్తాయి. తూకపు రాయి తప్పైతే ఎంత జాగ్రత్తగా తూచినా ప్రయోజనం ఉండదు.

15 నుంచి 30 సెంటీమీటర్ల టెలిస్కోప్‌ని, కనిపించే కాంతికో అతినీలలోహితానికో తయారు చేస్తున్న కాలేజీ బృందాన్ని, ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌ని, స్టార్టప్‌ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇస్రో పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశని కక్ష్యలో ప్రయోగాలకు వాడుకునే పోయెమ్ వేదిక వచ్చాక ఇలాంటి బృందాలకు అంతరిక్షం అందుబాటులోకి వచ్చింది. పెద్ద మిషన్ల కథలు చెబుతాను, ఎందుకంటే వాటి దర్యాప్తు నివేదికలు బయటికొచ్చాయి. వాళ్లు కోట్ల డాలర్లు పోసి నేర్చుకున్నది మనం ఊరికే నేర్చుకోవచ్చు.

ఏ రెండు సెటప్‌ల మధ్య ఎంచుకోవాలన్నా నేను అడిగే ప్రశ్న ఒకటే: రీడింగ్ తేడాగా వచ్చిన రోజున, తప్పు పేలోడ్‌దా జీఎస్ఈదా అని ఈ సెటప్‌తో తేల్చగలమా? ధర, స్పెసిఫికేషన్, డెలివరీ టైమ్ అన్నీ దీని తర్వాతే.

ఆప్టికల్ సామగ్రి: డబ్బు ఇక్కడ పెట్టండి

హబుల్ టెలిస్కోప్ 2.4 మీటర్ల అద్దం సంగతి చాలామందికి తెలుసు. 1990 ఏప్రిల్ 24న ఎగిరింది, రెండు నెలలకే బొమ్మ మసకగా ఉందని తేలింది. అద్దాన్ని సరిగ్గా పాలిష్ చేయలేదని అనుకుంటారు గానీ జరిగింది అది కాదు. అద్దాన్ని అద్భుతంగా పాలిష్ చేశారు, కాకపోతే తప్పు ఆకారానికి చేశారు. ఆ ఆకారం ఇది అని చెప్పింది రిఫ్లెక్టివ్ నల్ కరెక్టర్ అనే పరీక్ష సామగ్రి, అంటే జీఎస్ఈ.

అందులో రెండు చిన్న అద్దాలు, ఒక లెన్సు ఉంటాయి. వాటి మధ్య దూరాన్ని ఒక మీటరింగ్ రాడ్‌తో సెట్ చేశారు. రాడ్ కొసన ఒక టోపీ, దానికి చిన్న రంధ్రం. లేజర్ కాంతి ఆ రంధ్రంలోంచి వెళ్లి రాడ్ కొస మీద పడి తిరిగి రావాలి. టోపీ పైభాగం కాంతిని తిప్పికొట్టకుండా దానికి మెరుపు లేని పూత వేశారు. రంధ్రం పక్కన ఆ పూత కాస్త ఊడిపోయింది. కాంతి రాడ్ కొస దాకా వెళ్లకుండా టోపీ మీదే పడి వెనక్కి వచ్చింది. లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట కూర్చుంది. సర్దుబాటు స్క్రూ అంత దూరం రాకపోతే, ఎందుకు రావట్లేదని ఆగి చూడకుండా వాషర్లు పెట్టి సరిపెట్టారు. అద్దం అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్ల తేడా వచ్చింది.

మన ఎంపికకు అసలు పనికొచ్చేది ఆ తర్వాత జరిగిన విషయం. ఇన్వర్స్ నల్ కరెక్టర్, రిఫ్రాక్టివ్ నల్ కరెక్టర్ అని ఇంకో రెండు సామగ్రులు అక్కడే ఉన్నాయి. రెండూ తేడా చూపించాయి. అవి తక్కువ కచ్చితత్వం ఉన్నవి కాబట్టి తప్పు వాటిదేనని పక్కన పెట్టేశారు. అర మిల్లీమీటరు మార్కులున్న మామూలు స్కేలు కూడా 1.3 మిల్లీమీటర్ల తప్పును పట్టుకోగలదు. కచ్చితత్వం తక్కువైనా, వేరే పద్ధతిలో పనిచేసే రెండో సాక్షి చాలా విలువైనది. 1993 డిసెంబర్‌లో దిద్దుబాటు ఆప్టిక్స్ కోస్టార్‌ని పంపేముందు నాసా ఈ పాఠాన్ని అక్షరాలా పాటించింది. హబుల్ లోపాన్ని అనుకరించే సిమ్యులేటర్‌తో పరీక్షించడమే కాదు, ఆ సిమ్యులేటర్ నిజం చెబుతోందా అని చూడటానికి ఇంకో స్వతంత్ర సాధనం కూడా కట్టించింది.

ఇప్పుడు మన సైజుకి వద్దాం. ముందున్న దారులు మూడు. మొదటిది కాంతి తరంగాల తేడాతో లోపాలను కొలిచే ఇంటర్‌ఫెరోమీటర్, దానికి తోడు టెలిస్కోప్ అపర్చర్ (కాంతి లోపలికి వెళ్లే ముఖద్వారం) అంత చదును అద్దం. టెలిస్కోప్ ఫోకస్ దగ్గర్నుంచి కాంతి బయలుదేరి, చదును అద్దం మీద పడి, అదే దారిన తిరిగి వస్తుంది. దీన్నే ఆటోకొలిమేషన్ అంటారు. టెలిస్కోప్‌ని రెండుసార్లు దాటుతుంది కాబట్టి లోపం రెట్టింపై కనిపిస్తుంది, అలైన్‌మెంట్‌కి ఇంతకంటే మంచిది లేదు. చిక్కల్లా చదును అద్దం ధర. 15 సెంటీమీటర్ల దాకా సులువుగా దొరుకుతుంది, 30కి వచ్చేసరికి గుండె గుభేలుమంటుంది. రెండోది కొలిమేటర్: పిన్‌హోల్, దీపం, ఆఫ్ యాక్సిస్ పారాబోలా (ఫోకస్ పక్కకు పడేలా చేసిన) అద్దం. కృత్రిమ నక్షత్రం చూపిస్తుంది, మీ అసలు డిటెక్టర్ దాన్ని చూస్తుంది. మొదట్నుంచి చివరిదాకా మొత్తం పేలోడ్ పరీక్ష అయ్యేది దీంతోనే. మూడోది అద్దాన్ని ఒంటరిగా దాని వక్రతా కేంద్రం నుంచి కొలవడం, నల్ కరెక్టర్‌తోనో కంప్యూటర్ హోలోగ్రామ్‌తోనో. అద్దం తయారుచేసేవాళ్లకి ఇది ప్రాణం. అద్దాన్ని బయట చేయించుకుంటున్న బృందం దీన్ని కొనక్కర్లేదు, కానీ తయారీదారు కొలత డేటాను, వాళ్లు వాడిన నల్ సెటప్ వివరాలతో సహా, ఒప్పందంలోనే అడిగి తీసుకోవాలి.

నా సలహా: కొలిమేటర్ మీరే కట్టుకోండి, ఇంటర్‌ఫెరోమీటర్‌ని అద్దెకో, పక్క ల్యాబ్ నుంచో తెచ్చుకోండి. కొలిమేటర్ నెలల తరబడి రోజూ కావాలి, ప్రతి చిన్న మార్పు తర్వాతా ఫోకస్ చూసుకోవాలి. ఇంటర్‌ఫెరోమీటర్ అలైన్‌మెంట్ వారాల్లో, రాకెట్ కుదుపును తట్టుకుంటుందా అని చూసే వైబ్రేషన్ పరీక్షకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చాలు. పైగా ఇవి రెండూ వేర్వేరు పద్ధతులు, ఒకదానికొకటి సాక్షి. కొలిమేటర్ అద్దం మీ టెలిస్కోప్ కంటే వెడల్పుగా, ఫోకల్ లెంగ్త్ టెలిస్కోప్‌కి కనీసం మూడు నాలుగు రెట్లు ఉండేలా చూసుకోండి. లెన్సు కొలిమేటర్ చౌక కదా అని వెళ్లకండి. రంగు మారితే దాని ఫోకస్ మారుతుంది, మీ ఫిల్టర్ల ఫోకస్ తేడా అనుకుని తల బద్దలు కొట్టుకుంటారు.

దూర అతినీలలోహితం అయితే లెక్క మారిపోతుంది. దాదాపు 190 నానోమీటర్ల కింద గాలిలోని ఆక్సిజనే కాంతిని మింగేస్తుంది, కొలిమేటర్ కూడా శూన్యంలోనే ఉండాలి. ఆ ఖర్చు మోయలేకపోతే ఆకారం, అలైన్‌మెంట్ కనిపించే కాంతిలో తేల్చుకుని, దూర అతినీలలోహిత సున్నితత్వాన్ని మాత్రం ఆ సౌకర్యం ఉన్న చోట కొలిపించుకోవడం మేలు.

పూర్తి అపర్చర్ చదును అద్దం దొరక్కపోతే నామోషీ పడనక్కర్లేదు. 6.5 మీటర్ల వెబ్ టెలిస్కోప్‌కే అంత అద్దం కట్టలేదు. హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్ ఛాంబర్‌లో 1.5 మీటర్ల చదును అద్దాలు మూడు పెట్టి, టెలిస్కోప్ నుంచే కాంతిని పైకి పంపి, తిరిగొచ్చినదాన్ని పరికరాలతో చూశారు. అద్దంలో కొంత భాగమే వెలుగుతుంది, అయినా మొత్తం గొలుసు ఒక్కసారిగా పరీక్ష అవుతుంది. ఇంకో మెచ్చుకోదగ్గ పని చేశారు. 2017లో అసలు టెలిస్కోప్ రాకముందే, 2015లోనే స్పేర్ అద్దపు ముక్కలు రెండు బిగించిన నమూనాని అదే ఛాంబర్‌లో పెట్టి, ఆప్టికల్ జీఎస్ఈనే విడిగా పరీక్షించారు. మీ షెడ్యూల్‌లో కూడా జీఎస్ఈ పరీక్ష అని వేరే తేదీ ఉండాలి, ఫ్లైట్ మోడల్, అంటే పైకి వెళ్లే అసలు పరికరం, ల్యాబ్‌లోకి రాకముందే.

ఎలక్ట్రికల్: ర్యాక్ కొనడమా, బోర్డు చేసుకోవడమా

ఇక్కడ వాదన ఎప్పుడూ రెడీమేడ్ మాడ్యులర్ ర్యాక్‌కీ, సొంత ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సినట్టు సర్క్యూట్ రాసుకోగల చిప్) బోర్డుకీ మధ్య ఉంటుంది. ర్యాక్ కొంటే మొదటి వారంలోనే డేటా వస్తుంది, ధర ఎక్కువ. సొంత బోర్డు చౌక, కానీ దాన్ని చేసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే తర్వాత ముట్టుకునే నాథుడుండడు. నన్నడిగితే ప్రామాణిక బస్‌లకు, అంటే ఉపగ్రహంలో డేటా నడిచే 1553, స్పేస్‌వైర్ లాంటి లైన్లకు, కార్డు కొనేయండి. ప్రోటోకాల్ మీరే రాసుకుంటే పేలోడ్‌లో ఒక అపార్థం, జీఎస్ఈలో అదే అపార్థం ఉండి, రెండూ హాయిగా మాట్లాడుకుంటాయి. ఉపగ్రహానికి బిగించిన రోజున మాత్రం మూగబోతాయి. డిటెక్టర్‌ని అనుకరించే ప్రత్యేక సిగ్నల్స్ బయట దొరకవు, అలాంటివాటికే సొంత బోర్డు.

కానీ కొనాలా చేయాలా అన్నదాని కంటే, ఆ సామగ్రి ఏం చూడగలదన్నది పెద్ద ప్రశ్న. 1999 మార్చి 4న ఎగిరిన వైర్ అనే నాసా మిషన్ దీనికి ఉదాహరణ. 30 సెంటీమీటర్ల పరారుణ టెలిస్కోప్, గడ్డకట్టిన హైడ్రోజన్‌తో చల్లగా ఉంచాలి. చిన్న పేలుడుతో మూత ఊడదీసే పైరో పెట్టెకి కరెంటు ఇచ్చిన క్షణంలో, డిజిటల్ లాజిక్ ఇంకా సర్దుకోకముందే తప్పుడు సిగ్నల్ వెళ్లి, టెలిస్కోప్ మూత ముందే ఊడిపోయింది. వేడి లోపలికి చేరి హైడ్రోజన్ అంతా ఆవిరైపోయింది. ఆ ఆవిరి తోపుకి ఉపగ్రహం గిరగిరా తిరిగింది. అసలు సర్వే ఒక్కరోజు కూడా జరగలేదు. (తర్వాత దాని స్టార్ ట్రాకర్‌తో నక్షత్రాల కంపనాలు గమనించారు, అది వేరే మంచి కథ.) భూమి మీద పరీక్షల్లో ఇది ఎందుకు దొరకలేదంటే, ఎలక్ట్రికల్ జీఎస్ఈకి ఆ క్షణికమైన సిగ్నల్‌ని పట్టుకునే సామర్థ్యం లేదని దర్యాప్తులో తేలింది.

కాబట్టి ర్యాక్ కొన్నా బోర్డు చేసినా ఈ మూడు తప్పకుండా ఉండాలి. పవర్ ఆన్ చేసిన మొదటి కొన్ని మిల్లీసెకన్లలో ప్రతి అవుట్‌పుట్ లైన్ ఎలా ప్రవర్తించిందో వేగంగా రికార్డు చేయగలగాలి. మూత తెరిచే యాక్చుయేటర్, షట్టర్, హీటర్ లాంటివాటి బదులు ఎల్ఈడీ పెట్టి వెలిగింది కాబట్టి పాస్ అనుకోకుండా, నిజమైన లోడ్‌కి దగ్గరగా ఉండే లోడ్ పెట్టాలి. మూడోది రక్షణ: పవర్ సప్లైలో ఓవర్ వోల్టేజ్ కట్, కరెంట్ లిమిట్. 28 వోల్టుల బదులు పొరపాటున ఎక్కువ వోల్టేజ్ వెళ్లి ఫ్లైట్ బోర్డు కాలిపోతే, దానికి కారణం మనం చౌకగా కొన్న సప్లై అవుతుంది. పవర్ సప్లై మీద మిగిల్చే పదివేలకు ఆశపడొద్దు. పేలోడ్ కనెక్టర్‌కి కనెక్టర్ సేవర్ (అరుగుదలను తన మీద వేసుకునే మధ్య కనెక్టర్) బిగించే ఉంచండి. ఫ్లైట్ కనెక్టర్‌ని ఇన్నిసార్లే తీసి పెట్టాలన్న లెక్క ఉంటుంది, ప్రతిసారీ రాసుకోవాలి.

శూన్యం, చలి: అద్దెకు తీసుకోండి, కానీ ఈ ప్రశ్నలు అడిగాకే

శూన్యంలో వేడి, చలి పరీక్ష చేసే థర్మోవ్యాక్ ఛాంబర్ సొంతంగా కట్టుకోవాలన్న ఉత్సాహం చాలా బృందాలకు ఉంటుంది. వరుసగా పేలోడ్లు చేసే సంస్థ అయితే తప్ప వద్దనే చెబుతాను. అహ్మదాబాద్‌లో, ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ టెక్నికల్ సెంటర్‌లో ప్రైవేటు, విద్యాసంస్థలకు పరీక్షా సౌకర్యాలున్నాయి. డిటెక్టర్‌ని ఒంటరిగా పరీక్షించడానికి చేతిలో ఇమిడే చిన్న డ్యూవార్ (లోపల చలిని నిలిపే శూన్యపు పాత్ర) మాత్రం సొంతంగా ఉండాలి, దాని పని రోజూ ఉంటుంది.

అద్దెకు తీసుకునేటప్పుడు మొదట అడగాల్సింది పంపు గురించి. నూనెతో నడిచే డిఫ్యూజన్ పంపు ఉన్న ఛాంబర్‌లో అతినీలలోహిత ఆప్టిక్స్ పెట్టనే వద్దు, డ్రై పంపు, టర్బో లేదా క్రయో పంపు ఉన్నచోటికే వెళ్లండి. నూనె ఆవిరి పలుచని పొరగా అద్దం మీద చేరి, అతినీలలోహిత కాంతి తగిలాక అక్కడే గట్టిపడిపోతుంది. తుడిస్తే పోదు. మీకంటే ముందు ఆ ఛాంబర్‌లో ఎవరేం పెట్టారో అడగండి, ఖాళీ ఛాంబర్‌ని వేడిచేసి బేక్ అవుట్ చేయించండి, పేలోడ్ పక్కన చిన్న సాక్షి అద్దం పెట్టి పరీక్షకు ముందూ తర్వాతా దాని ప్రతిఫలనాన్ని కొలవండి. భారత ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ మీది అతినీలలోహిత టెలిస్కోప్ యూవీఐటీని హోస్కోటెలోని భారత ఖగోళ భౌతిక సంస్థ ల్యాబ్‌లో కూర్చారు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరాక కూడా దాని మూతలు వెంటనే తెరవలేదు. ఉపగ్రహం నుంచి వెలువడే ఆవిర్లు తగ్గేదాకా ఆగి, నవంబర్ 30న తెరిచారు. పైకి వెళ్లాక రెండు నెలలు ఓపిక పట్టారంటే, కింద మురికి ఛాంబర్‌తో రాజీపడటంలో అర్థం లేదు.

చల్లబరిచే పద్ధతి ఎంపిక సులువు. కనిపించే కాంతి డిటెక్టర్ మైనస్ 20, 30 డిగ్రీల దగ్గర పనిచేస్తుంటే చిల్లర్‌తో ద్రవం తిప్పే ఛాంబర్ చాలు. ద్రవ నైట్రోజన్ ఛాంబర్ మైనస్ 196 దాకా వెళ్లగలదు, కానీ ట్యాంకర్ల సరఫరా మీద ఆధారపడాలి, రాత్రీపగలూ మనుషులుండాలి. పరారుణ డిటెక్టర్ అయితే క్రయోకూలర్ తప్పదు. దాని కంపనం బొమ్మని కదిలిస్తుంది కాబట్టి, కూలర్‌ని కాసేపు ఆపి ఇమేజ్ తీసి పోల్చే వీలుందా అని అడగండి. వీలు లేకపోతే బొమ్మ మసకబారడానికి కారణం టెలిస్కోపా కూలరా అన్నది తేలదు. కరెంటు పోతే ఏం జరుగుతుందో కూడా అడగాలి. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ని ముంచెత్తినప్పుడు వెబ్ అదే ఛాంబర్‌లో చలిలో ఉంది. ముందే ప్రణాళిక ఉంది కాబట్టి బృందం అక్కడే ఉండి పరీక్ష కొనసాగించింది. చల్లని ఆప్టిక్స్ ఉన్న ఛాంబర్‌లో అదుపు తప్పితే తేమ, మురికి ముందు చేరేది అత్యంత చల్లగా ఉన్న భాగం మీదే, అది సాధారణంగా మీ డిటెక్టరే.

మెకానికల్: సర్టిఫికెట్ ఉన్నది కొనండి

స్లింగ్, షాకిల్, హాయిస్ట్ లాంటివి ఎప్పుడూ రేటింగ్, సర్టిఫికెట్ ఉన్నవే కొనాలి, లోకల్‌గా వెల్డింగ్ చేయించొద్దు. సొంతంగా డిజైన్ చేయాల్సింది వైబ్రేషన్ ఫిక్స్చర్ (పేలోడ్‌ని వైబ్రేషన్ టేబుల్‌కి బిగించేది), తిప్పే ట్రాలీకి పేలోడ్ బిగించే అడాప్టర్ మాత్రమే. వాటికి కూడా అసలు పేలోడ్ కంటే ఎక్కువ బరువుతో ప్రూఫ్ లోడ్ పరీక్ష ముందే చేయాలి.

2003 సెప్టెంబర్ 6న కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో నోవా ఎన్ ప్రైమ్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని తిప్పే ట్రాలీ మీద వంచుతుంటే కిందపడింది. ట్రాలీ అడాప్టర్‌లో ఉండాల్సిన 24 బోల్టులు లేవు. వేరే పనికి తీసేశారు, ఎక్కడా రాయలేదు, బిగించే ముందు ఎవరూ లెక్కపెట్టలేదు. బాగుచేసి ఎగరేసేసరికి 2009 వచ్చింది. అంటే ట్రాలీ కొనేటప్పుడు, రెండు మోడళ్లలో బోల్టులన్నీ ఒక్కచూపులో బయటికి కనిపించే మోడల్‌నే ఎంచుకోండి. మూత కింద దాక్కున్న బోల్టు అందంగా ఉంటుంది గానీ ఉందో లేదో తెలియదు. ట్రాలీని ఇంకో బృందంతో పంచుకోవడం కంటే చిన్నదైనా సొంతది మేలు.

వైబ్రేషన్ టేబుల్ ఎటూ అద్దెదే. 2000 మార్చి 21న సూర్యుడి ఎక్స్ కిరణాలను చూసే హెస్సీ అనే నాసా ఉపగ్రహాన్ని పరీక్షిస్తుంటే, అనుకున్నదానికి సుమారు పది రెట్ల బలం తగిలి దెబ్బతింది. టేబుల్ ఎక్కడో పట్టేస్తోంది. తక్కువ స్థాయి స్వీయ పరీక్షలో అది కదలకపోవడంతో కంట్రోల్ సిస్టమ్ తప్పు లెక్క వేసుకుని ఎక్కువ బలం ఇచ్చింది. ఫలితంగా ప్రయోగం వాయిదా పడింది, ఇతర కారణాలూ తోడై చివరికి 2002 ఫిబ్రవరిలో ఎగిరింది. మీ పేలోడ్ పెట్టేముందు, అంతే బరువున్న దిమ్మతో అదే స్థాయికి పరీక్ష నడిపి ప్లాట్ చూపించమనండి. దానికి ఒప్పుకోని ల్యాబ్ ఎంత చౌకైనా వద్దు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సొంత పైథాన్ స్క్రిప్టులతో మొదలుపెట్టడం సహజమే, కానీ ఇంజనీరింగ్ మోడల్ (పరీక్షల కోసం చేసే నమూనా) దశ నుంచే కాస్మోస్, యామ్స్ లాంటి ఓపెన్ సోర్స్ టెలిమెట్రీ (పరికరం పంపే రీడింగులు చూసే) వ్యవస్థల్లో ఒకదానికి మారిపోండి. కమాండ్, టెలిమెట్రీ డేటాబేస్ ఒక్కటే ఉంటుంది, ల్యాబ్‌లో నడిపిన అదే స్క్రిప్ట్‌ని కక్ష్యలో కూడా నడపొచ్చు. ఎక్సెల్ షీటుల్లో టెలిమెట్రీ పేర్లు పెట్టుకుంటే టెన్షన్ తప్పదు.

లాంచ్ సైట్‌కి ఏం తీసుకెళ్లాలి

శ్రీహరికోటకు ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క బంగాళాఖాతం. తేమ, ఉప్పుగాలి రెండూ ఉంటాయి. ఇక్కడ ఎంపిక, ల్యాబ్‌లోని మొత్తం ర్యాక్‌ని లారీలో తీసుకెళ్లడమా, చిన్న పోర్టబుల్ సెట్ ఇంకోటి చేసుకోవడమా అన్నది. రెండోదే సరైనది. సప్లై, ఇంటర్‌ఫేస్ కార్డు, ల్యాప్‌టాప్ ఒక పెట్టెలో పట్టాలి. ఆ పెట్టెతోనే ల్యాబ్‌లో కనీసం ఒక పూర్తి పరీక్ష చేసి, పెద్ద ర్యాక్ ఫలితాలతో పోల్చి ఉంచుకోవాలి. సైట్‌లో తేడా వస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం.

అతినీలలోహిత పేలోడ్ అయితే తేమ, మురికి చేరకుండా లోపలికి పొడి నైట్రోజన్ పంపే పర్జ్ కూడా కావాలి. సిలిండర్ కార్ట్‌నా, సైట్‌లో ఉన్న లైన్‌నా అన్నది ముందే ఇస్రో బృందంతో తేల్చుకోండి. లైన్ ఉంటే సౌకర్యమే, అయినా రవాణాలోనూ, లైన్ ఆగిన గంటల్లోనూ నడపడానికి ఫిల్టర్, ఫ్లో మీటర్ ఉన్న చిన్న కార్ట్ మీ దగ్గర ఉండాలి. పర్జ్ గొట్టం ఎప్పుడు, ఎవరు తీసేస్తారో లాంచ్ చెక్‌లిస్ట్‌లో పేరుతో రాయించండి, ఎగిరేముందు తీసేయాల్సిన మూతలకు కట్టే ఎర్ర రిబ్బన్ల లెక్క కూడా అదే పేజీలో ఉండాలి. షాక్ లాగర్లు రెండు పెట్టండి, ఒకటి పెట్టె గోడకి, ఒకటి పేలోడ్ బేస్‌కి. గోడది ఎక్కువ చూపించి బేస్‌ది తక్కువ చూపిస్తే ఐసొలేటర్లు (కుదుపును మింగే దిమ్మలు) పనిచేశాయి. రెండూ ఒకేలా చూపిస్తే పెట్టె తెరిచిన వెంటనే, ఉపగ్రహానికి బిగించకముందే, అలైన్‌మెంట్ చూసుకోవాలి. అందుకు వీలుగా పోర్టబుల్ సెట్‌లో చిన్న కొలిమేటర్‌కి కూడా చోటు ఉంచండి.